తువ్వాలు వేసి దిగిన మనిషి

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఈమధ్య తిరుగుతున్న మాటేమిటంటే, పరంధామయ్యగారు ఇటలీ వెళ్ళి, సముద్రం ఒడ్డున ఒక పల్లెటూళ్ళో ఎవరో ముసలి దొరసాని ఇంట్లో నెల్లాళ్ళు ఉండిపోయారని. మాట పుట్టింది గుడిలో ప్రసాదాల లైనులో. అక్కణ్ణించి ఇండియన్ స్టోరులో బెండకాయలు ఏరుకునే చోటికి వచ్చేసరికి ఉండిపోవడం కాదు, ఒక్క యూరోకి ఇల్లే కొనేశారట అయింది. పక్క ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ దాకా పాకేసరికి ఇల్లూ లేదు, దొరసానీ లేదు, పాపం ఆయనకి మతి పోయిందట, వేసుకున్న చెప్పు కొరుక్కు తిన్నారట అని తేలింది.

సరిచెయ్యాల్సినవి వరసగా సరిచేసుకుందాం. నెల్లాళ్ళు కాదు, ఒక్క రాత్రి. ముసలావిడ ఉన్నమాట నిజమే, ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. ఇల్లు కొనలేదు. చెప్పు తినలేదు, కోశారు. ఎందుకు కోశారన్నది తర్వాత వస్తుంది. ఇక మిగిలింది మతి. ఆ ఒక్కటీ తేల్చుకోలేకే సుబ్బులుకి నెలన్నరగా తిన్నది ఒంటపట్టడం లేదు.

సుబ్బులు ఆయన పక్కింటావిడ. అరవై ఎనిమిదేళ్ళుంటాయి. కూతురు వేద దగ్గర పన్నెండేళ్ళుగా ఉంటోంది. చదివింది ఐదో తరగతే గాని, ఆ వీధిలో ఏ పిల్లకి ఏ కాలేజీలో సీటొచ్చిందో, ఎవరి గ్రీన్‌కార్డు ఎక్కడ ఆగిందో ఆవిణ్ణి అడిగితే చాలు. కొత్తగా ఎవరైనా ఇంట్లో దిగితే, సామాన్ల లారీ ఇంకా వాకిట్లో ఉండగానే గిన్నెడు పులిహోర పట్టుకెళ్ళి వాళ్ళ ముత్తాత ఊరు దాకా కనుక్కుని వస్తుంది. నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఒకరి చెడు కోరే మనిషి కాదు. అదే ఆవిడ బాధ ఇప్పుడు.

పరంధామయ్యగారిది బందరు. డెబ్భై ఒకటిలో ఇక్కడికొచ్చి, చదువు ముగించి, ఓ కార్ల కంపెనీలో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేశారు. ఏం పని అంటే, తలుపులు. కారు తలుపు చుట్టూ నల్లటి రబ్బరు పట్టీ ఉంటుంది చూడండి, వానా గాలీ లోపలికి రాకుండా, ఆ పట్టీ ఆయన పని. రోజూ ఒక గదిలో నిలబడి తలుపు వెయ్యడం, వినడం, తియ్యడం, మళ్ళీ వెయ్యడం. "తలుపు 'ధబ్' మని పడాలి చెల్లెమ్మా. 'ఠంగు' మందంటే ఎక్కడో సందు ఉన్నట్టే" అనేవారు సుబ్బులుతో. గుడి పార్కింగులో నిలబడి కళ్ళు మూసుకుని, "రాధాకృష్ణా, నీ బండి వెనక ఎడమ తలుపు చూపించుకో" అనేవారు. చూపించుకుంటే నిజంగానే అక్కడ రబ్బరు విడిపోయి ఉండేది. ఆయన భార్య శారదమ్మ ఉన్నన్నాళ్ళూ నవ్వేది. "నా మాట ఒక్కటీ చెవికెక్కదు గాని, తలుపు మూలిగితే మాత్రం నిద్రలోంచి లేస్తారు" అని. ఆవిడ పోయి మూడేళ్ళయింది.

ఆవిడ పోయాక ఆయనకి మిగిలిన కొలువు ఒక్కటే. ఎనిమిదిమంది పట్టే పాత వ్యాన్ ఒకటుంది. అందులో మంగళవారం, శనివారం ఆ వీధిలో ఉన్న అమ్మలూ అమ్మమ్మలూ అందర్నీ ఎక్కించుకుని గుడికి, కళ్ళ డాక్టరుకి, కూరలకి తిప్పుతారు. కూతుళ్ళకీ కొడుకులకీ ఆఫీసులు. పెద్దవాళ్ళకి డ్రైవింగ్ రాదు. అమెరికాలో కారు నడపడం రాని మనిషికి కాళ్ళు లేనట్టే. ఏడుగురు ఆడవాళ్ళకి ఆ వ్యానే కాళ్ళు. అందరూ ఎక్కాక ఆయన చుట్టూ తిరిగి ఒక్కొక్క తలుపూ తన చేత్తో వేసి, విని, అప్పుడు గాని స్టీరింగు ముందు కూర్చోరు.

ఇప్పుడు ఆ వ్యాన్ తాళాలకే ఎసరొచ్చింది. కూతురు మైత్రి అల్ఫారెట్టాలో ఉంటుంది. ఇటలీ సంగతి చెవిన పడగానే, "నాన్న ఇక్కడికి వచ్చెయ్యాలి, కార్ డ్రైవ్ చెయ్యకూడదు, ఇల్లు అమ్మేద్దాం" అని తేల్చేసింది. శుక్రవారం ఫ్లైట్‌లో వస్తోంది. వచ్చి, తాళాలు తీసుకుని, ఆయన్ని తీసుకుని వెళ్ళిపోతుంది.

మైత్రి అలా తేల్చుకోవడానికి ఎవరి మాట ఆధారం? సుబ్బులు మాట. అదీ సంగతి.

అసలు జరిగింది ఇది. మే నెలలో రాధాకృష్ణగారు తెలుగు పెద్దవాళ్ళందర్నీ కూడగట్టి ఇటలీ టూర్ వేశారు. పంతొమ్మిది మంది, ఒక బస్సు, వెంట ఒక వంటమనిషి, మూడు పెట్టెల ఆవకాయ, జంతికలు. ఐదోరోజు తోర్రెమారా అనే ఊళ్ళో ఆపారు. ఊరంటే ఊరు కాదు, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకి గూళ్ళు కట్టుకున్నట్టు నాలుగొందల ఇళ్ళు. గులాబి, పసుపు, ఇటుక రంగు. చేపలకి వెళ్ళినవాళ్ళు దూరం నుంచి తమ ఇల్లు గుర్తుపట్టడానికి ఒక్కో ఇంటికి ఒక్కో రంగు వేసుకున్నారట వెనకటికి. గైడమ్మాయి కియారా గొడుగు ఎత్తి పట్టుకుని చెప్పింది. సముద్రపు దొంగల కోసం కాపలా కాసిన రాతి బురుజు ఒకటి చూపించింది. సందులన్నీ మెట్లే. రెండు గోడల మధ్య సందు ఎంతుందంటే, సుబ్బులు చేతులు చాపితే రెండు ఇళ్ళూ తగిలాయి.

"ఇంత ఇరుకులో పెళ్ళికి పందిరెక్కడ వేస్తారమ్మా?" అని సుబ్బులు కియారాని అడిగింది. రాధాకృష్ణగారు ఇంగ్లీషులో చెప్పారు. కియారాకి పందిరంటే ఏమిటో చెప్పేసరికి గంట అయిపోయింది, బస్సెక్కమన్నారు.

కొండ దిగువన, సముద్రం అంచున బస్సు. అందరూ ఎక్కారు. కాళ్ళు వాస్తాయని బస్సులో అందరివీ హవాయి చెప్పులే. పరంధామయ్యగారు సుబ్బులు ముందు సీట్లో కూర్చున్నారు. కూర్చున్న మనిషి ఒక్కసారి తల ఎత్తారు. పక్కకి తిప్పారు. లేచారు. భుజం మీది తువ్వాలు తీసి సీటు మీద పరిచి, దానిమీద ఫోన్ పెట్టి, చెప్పులతోనే బస్సు దిగిపోయారు.

సుబ్బులు చూసింది. చూడడమేమిటి, "ఎక్కడికి అన్నయ్యగారూ" అన్న మాట పెదవి దాకా వచ్చేసింది కూడా. కానీ బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అపశకునం. ఆవిడ అత్తగారు ఆ ఒక్క తప్పుకీ ఎన్నిసార్లు మొట్టికాయలు వేసిందో. అన్నీ అడిగే నోరు అది, ఆ ఒక్కటీ మాత్రం నలభై ఎనిమిదేళ్ళుగా అడిగి ఎరగదు. కావాలంటే "దూరమా?" అని అడగొచ్చు, దానికి దోషం లేదు. అదీ అందామనుకుంది. నోట్లో జంతిక ఉంది. నమిలి మింగేసరికి ఆయన బయట ఊరి మెట్ల దగ్గర ఉన్నారు.

చూసింది ఆవిడొక్కతే కాదు. తర్వాత లెక్క తీస్తే పదకొండు మంది చూశారు. పదకొండు మందీ అడగలేదు. పదకొండు మంది అత్తగార్లూ గొప్పవాళ్ళే.

పావుగంటకి కియారా తలలు లెక్కపెట్టింది. పద్దెనిమిది వచ్చాయి. పద్నాలుగో సీటు చూపించి, "ఇక్కడ మనిషి?" అంది.

"ఉన్నారు, ఉన్నారు" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఎందుకంటారా? తువ్వాలు ఉంది. బందరు బస్టాండులో ఎర్రబస్సు ఇంకా ఆగకుండానే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టిన జాతి అది. తువ్వాలు ఉందంటే మనిషి ఉన్నట్టే. ఆ తువ్వాల్ని పోలీసైనా కదపడు. కియారా బస్సు వెనకాల ఉన్న టాయిలెట్ వైపు చూసి, లోపలున్నాడేమో అనుకుంది. సుబ్బులూ అదే అనుకుంది, ఈ పావుగంటలో ఆయన వెనక తలుపులోంచి ఎక్కేసి ఉంటారని. బస్సు కదిలింది.

భోజనాల దగ్గర పులిహోర ప్లేటు ఒకటి మిగిలిపోయింది. అప్పుడు తెలిసింది. బస్సు వెనక్కి తిరిగి తోర్రెమారా చేరేసరికి సాయంత్రం నాలుగయింది. అక్కడే, అదే చోట, గంటన్నర నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ ఊరు మొత్తం కిటికీల్లోకి వచ్చింది, పరంధామయ్యగారు తప్ప. రాధాకృష్ణగారు పోలీసుల దగ్గర ఉండిపోయి, మిగతావాళ్ళని హోటలుకి పంపారు. మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి దొరికారు, ఒర్సొలా అనే ముసలావిడ వంటింట్లో, పాలలో రొట్టె ముంచుకుని తింటూ. ఎడమకాలి చెప్పుకి మడమ దగ్గర ముక్క లేదు. బద్దలా సన్నగా, కత్తితో కోసినట్టు.

"ఏమైంది పరంధామయ్యగారూ?" అని రాధాకృష్ణగారు అడిగితే, "పనుండి దిగానయ్యా" అన్నారట. అంతే. బస్సెక్కి, పద్నాలుగో సీట్లో తువ్వాలు తీసి భుజాన వేసుకుని కూర్చున్నారు. ఎవరూ ఇంకేం అడగలేదు. ఆయన మొహం అడగనిచ్చేలా లేదు.

తిరిగొచ్చిన మూడోరోజు మైత్రి ఫోన్ చేసింది సుబ్బులుకి.

"ఆంటీ, మీరు నాన్న వెనకాలే కూర్చున్నారు కదా. నాకు నిజం చెప్పండి. దిగేటప్పుడు ఎలా ఉన్నారు? కన్ఫ్యూజ్డ్‌గా ఉన్నారా?"

సుబ్బులుకి అప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే చాలు అన్నట్టుంది. "ఏమోనమ్మా, ఏదోలా ఉన్నారు. ఎవరో పిలిచినట్టు తల ఇలా ఎత్తి..." అంది.

"ఎవరో పిలిచినట్టా? అంటే వాయిసెస్ వినిపిస్తున్నాయా?"

"అయ్యో అలా కాదు తల్లీ..." అనబోయింది గాని, అటు మైత్రి అప్పటికే ఫోన్ పెట్టేసింది. ఆ సాయంత్రమే సుబ్బులు ఈ సంగతి గుడిలో ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరూ ఇంకొక్కరికే చెప్పారు. ఆ తర్వాత కథ మొదట్లో చెప్పుకున్నదే.

అప్పట్నించీ ఆవిడ పని ఒక్కటే. ఆయన్ని కనిపెట్టి ఉండడం. కుడిచేతి వేళ్ళ మీద బుద్ధి బాగున్న గుర్తులు, ఎడమచేతి వేళ్ళ మీద బాగోని గుర్తులు లెక్కపెట్టుకునేది. వ్యాన్‌లో ఉన్న ఏడుగురి మనవల పేర్లూ చెప్పారు, ఎవరికి ఏ డాక్టరు ఎన్నింటికో చెప్పారు: కుడిచెయ్యి. మంగళవారం గుడి మలుపు దాటిపోయి మళ్ళీ వెనక్కొచ్చారు: ఎడమచెయ్యి. అక్కడ రోడ్డు తవ్వుతున్నారు, బోర్డు మార్చారు: మరి ఏ చెయ్యి? కాఫీలో పంచదార వేశావా అని రెండుసార్లు అడిగారు: ఎడమ. ఆ రోజే ఆవిడ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, మరి ఆవిణ్ణి ఎవరు తీసుకుపోవాలి? చివరికి రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి, సంగతి మాత్రం తేలలేదు.

"అమ్మమ్మా, జస్ట్ ఆయన్నే అడగొచ్చు కదా" అంది మనవరాలు అంకిత. కాలేజీ సెలవులకి ఇంటికొచ్చింది.

"ఏమని అడగనే? మీకు మతి పోయిందా అన్నయ్యగారూ అనా?"

"వెల్... నైస్‌గా."

"నైస్‌గా అడిగే మాట తెలుగులో లేదు."

బుధవారం నాడు పరంధామయ్యగారింటికి పార్సెల్ వచ్చింది. ఆ సమయానికి సుబ్బులు అక్కడే ఉంది. ఉండకుండా ఎలా ఉంటుంది, పోస్టు బండి ఆగడం కిటికీలోంచి చూసిందాయె. ఇటలీ తపాలా బిళ్ళలు. కియారా దగ్గర అడ్రసు తీసుకుని పంపించారు. ఆయన నిదానంగా విప్పారు. ఒక గాజు సీసా. నూనెలో నిలవేసిన చిన్న చిన్న చేపలు. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని మనిషి ఆయన. మూత తిప్పి, వాసన చూసి, మళ్ళీ బిగించి, కిచెన్ గట్టు మీద గోడ వైపు తిప్పి పెట్టారు.

"పారేద్దామా అన్నయ్యగారూ?"

"ఉండనీ. ఎంతో ప్రేమగా పంపింది."

సీసా కింద ఒక కాగితం, ఒక ఫొటో. కాగితం మీద ఇటాలియన్. ఆయన అది చూడలేదు, ఫొటో కూడా ఒక్క చూపు చూసి బల్ల మీద బోర్లించి, మొక్కలకి నీళ్ళు పెట్టాలని పెరట్లోకి వెళ్ళిపోయారు. సుబ్బులు చెయ్యి ఆగుతుందా? అంకితని పిలిచింది. అంకిత ఫోన్ ఆ కాగితం మీద పెడితే అక్షరాలు ఇంగ్లీషులోకి మారిపోయాయి, అంకిత వాటిని తన తెలుగులోకి మార్చింది.

"డియర్ మిస్టర్. డోర్ ఇప్పుడు ఏడవట్లేదు. గాలి వస్తే కూడా ఏడవట్లేదు. ఎలెవెన్ ఇయర్స్ నుంచి ఎవరూ బాగు చెయ్యలేకపోయారు, మా అబ్బాయి కూడా, వాడు కార్పెంటర్. మీ బ్లూ రబ్బర్ ఇంకా అక్కడే ఉంది. మీ చెప్పుకి నా సారీ. ఒర్సొలా."

సుబ్బులు ఫొటో లాక్కుంది. ఆకుపచ్చ చెక్క తలుపు. దాని ముందు నల్లగౌను వేసుకున్న పొట్టి ముసలావిడ, చేతిలో చీపురు. తలుపు అంచున, గడియ దగ్గర, బెత్తెడు పొడుగున సన్నగా నీలం గీత. హవాయి చెప్పు నీలం.

"ఓరి భగవంతుడా!" అంది. పిలిచినట్టు తల ఎత్తడం, చెవి పక్కకి తిప్పడం, పనుండి దిగానయ్యా అనడం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. సముద్రపు గాలికి ఆ తలుపు మూలుగుతోంది. బస్సులో పద్దెనిమిది మందికీ అది వట్టి చప్పుడు. ముప్ఫై ఒక్కేళ్ళు తలుపులు విన్న మనిషికి కాదు. ఐదు నిమిషాల పని అనుకున్నారు, తువ్వాలు వేసి దిగారు. ఆవిడ వంటింటి కత్తి పుచ్చుకుని చెప్పు బద్ద కోసి, తలుపుకి పట్టీ వేశారు. మతి పోయిన వాడికి ఇంత పని తెలుస్తుందా?

"అంకితా, ఫోన్ కలపవే మైత్రికి! ఈ వయసులో కూడా ఆయన బుర్ర బంగారమని చెప్పు! కాదు, నేనే చెప్తాను!"

"అమ్మమ్మా, వెయిట్" అంది అంకిత. ఫొటో మీద రెండు వేళ్ళు పెట్టబోయి, అది కాగితమని గుర్తొచ్చి నవ్వి, కళ్ళ దగ్గరికి తీసుకుని చూస్తోంది. "ఈ కార్నర్‌లో చూడు. ఇదే కదా మీ బస్ ఆగిన ప్లేస్?"

సుబ్బులు కళ్ళజోడు పెట్టుకుంది. అదే. బస్సు కిటికీలోంచి చూసిన అదే నీలం గుమ్మటం, అదే ఇనప కమ్మీ, కమ్మీ అవతల సముద్రం. తలుపు నుంచి అక్కడికి మెట్లు లెక్కపెట్టింది. ఇరవై రెండు. గుమ్మంలో నిలబడి కిందికి చూస్తే బస్సు కనబడుతుంది.

"సాయంత్రం బస్ మళ్ళీ అక్కడికే వచ్చింది అన్నావ్. హాఫ్ పాస్ట్ ఫైవ్ దాకా ఉంది అన్నావ్" అంది అంకిత. "మరి తాత ఎందుకు దిగి రాలేదు?"

సుబ్బులు కుడిచెయ్యి ఎడమచెయ్యి రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఒక ముడి విప్పితే ఇంకో ముడి. పని అయిపోయింది. ఇరవై రెండు మెట్లు. హారన్ కొట్టీ కొట్టీ ఊరు లేచింది. చెవులు అంత చురుకైన మనిషికి హారన్ వినబడదా? కావాలనే దిగలేదా? ఆవిడ రొట్టె పాలు అంత రుచిగా ఉన్నాయా? లేక శారదమ్మ లేని ఇంటికి రావాలనిపించలేదా? ఫోన్ పక్కన పెట్టేసింది. మైత్రికి ఏమని చెప్పాలి? ముందొక మాట తొందరపడి చెప్పినందుకే ఇంత దూరం వచ్చింది. రెండో మాట కూడా తొందరపడి చెప్పి, శనివారం ఆయన ఏడుగురు ముసలివాళ్ళని వ్యాన్‌లో పెట్టుకుని ఎక్కడో దారి తప్పితే? చెప్పకపోతేనో, ఏ తప్పూ లేని మనిషి ఇల్లు అమ్ముడైపోతుంది.

గురువారం అంతా అలాగే గడిచింది. బంగాళదుంపలు చెక్కు తీసి, తీసిన చెక్కు కూరలో వేసి దుంపలు చెత్తలో పారేసింది. వేద చూసి, "ఏమ్మా, నీకు గాని ఇటలీ గాలి తగిలిందా?" అంది.

"నోర్ముయ్. నీకేం తెలుసు" అంది సుబ్బులు, దుంపలు ఏరి కడుక్కుంటూ.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి పక్కింటి గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది. సుబ్బులు వాకిట్లోకొచ్చింది. పరంధామయ్యగారు ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలుతో, చేతిలో తాళాలు పట్టుకుని వ్యాన్ చుట్టూ తిరుగుతున్నారు. ఒక్కొక్క తలుపూ తీసి, వేసి, వింటున్నారు. ఎక్కేవాళ్ళు ఎవరూ లేరు. అయినా వింటున్నారు. నాలుగు తలుపులూ అయ్యాక డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. బండి స్టార్ట్ చెయ్యలేదు. తన పక్క తలుపు కూడా వెయ్యలేదు. అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు, ఎంతసేపటికీ.

సుబ్బులు గడ్డి దాటి వెళ్ళి తీసి ఉన్న తలుపు దగ్గర నిలబడింది. అత్తగారి మొట్టికాయలన్నీ నెత్తిమీద ఒక్కసారి తగిలినట్టయింది. బయల్దేరిన మనిషి, బండిలో కూర్చున్న మనిషి. ఇంతకంటే అడగకూడని సమయం ఉండదు. ఆ రోజు బస్సులోంచి చూసిన పదకొండు మందిలో ఒక్కరైనా అపశకునానికి ఒడిగట్టి ఉంటే ఈ గొడవే లేదు.

"ఎక్కడికి అన్నయ్యగారూ?" అంది.

ఆయన ఉలిక్కిపడి చూశారు. పన్నెండేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినలేదు.

"ఎయిర్‌పోర్టుకమ్మా. మైత్రి ఐదుంబావుకి దిగుతుంది."

"అది కాదు. ఆ రోజు. తలుపు సంగతి నాకు తెలిసిపోయింది, ఆ కాగితం నేనే చదివించాను, తప్పు నాదే, తర్వాత తిట్టండి. పని అయిపోయాక మీరు ఎక్కడికి వెళ్ళారు? ఇరవై రెండు మెట్లు దిగితే మేమందరం ఉన్నాం. ఎందుకు రాలేదు? మైత్రి నన్ను మళ్ళీ అడుగుతుంది. ఈసారి నాకు తెలియని మాట నేను చెప్పను."

పరంధామయ్యగారు తాళాల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. తర్వాత ఆయన అన్నారు.

"తలుపు కోసమే దిగానమ్మా. అందులో నాకు అనుమానం లేదు. దాని చప్పుడు ఇప్పుడు అడిగినా చెయ్యగలను. పట్టీ బిగించాను, వేసి చూశాను, ధబ్ మంది. ఎంత సంతోషం వేసిందో. బయటికొచ్చి పైకి వెళ్ళాను. కిందికి వెళ్ళాలని నాకు తోచలేదు. ఎందుకు తోచలేదంటే నేను చెప్పలేను, నెలన్నరగా నన్ను నేను అడుగుతున్నాను. పైకి వెళ్ళినకొద్దీ అదే సందు, అవే మెట్లు. మీ హారన్ విన్నాను. ఎటు నుంచి వస్తోందో తెలియలేదు. చప్పుడు ఎటు నుంచి వస్తోందో నాకు తెలియలేదు చెల్లెమ్మా, నాకు! గోడలు రాతివి కదా, చప్పుడు తిప్పికొడతాయిలే అని సర్దిచెప్పుకున్నాను. అయ్యుండొచ్చు. కాకపోయి ఉండొచ్చు. పొద్దుగూకే వేళకి ఆవిడ తలుపు వేసుకుంది. ధబ్. ఆ చప్పుడు నాది. దాన్ని పట్టుకుని నడిచి వచ్చాను. అంకితని పిలు, బండి తను నడుపుతుంది, నేను పక్కన కూర్చుంటాను. నువ్వూ ఎక్కు. మైత్రికి తలుపు సంగతి నువ్వు చెప్పు. మెట్ల సంగతి నేను చెప్పుకుంటాను."